ఒక్క కార్డు, ఇద్దరు ఎఫువాలు

పోయిన వారం మిమ్మల్ని బెంట్సివా కుట్టుకొట్టు గుమ్మంలో నిలబెట్టి వెళ్లిపోయాను. ఇన్ని రోజులూ నిలబడి కాళ్లు పీకి ఉంటాయి, లోపలికి రండి. ఆ వారం చదవని వాళ్లకు నేనే రెండు ముక్కల్లో చెప్పేస్తాను, పక్కవాళ్లను మోచేత్తో పొడవక్కర్లేదు.

నా మూడో కూతురు అరబా మాన్సా మా న్సువానో రేవు తరఫున పార్లమెంటుకు గెలిచింది. దాన్ని కన్నది నేను, పెంచింది మా అక్క. మేమిద్దరం నాలుగేళ్ల తేడాతో శుక్రవారాలే పుట్టాం. శుక్రవారం పుట్టిన ఆడపిల్ల ఎఫువా కాక ఇంకేమవుతుంది? ఆవిడ పెద్ద ఎఫువా, నేను చిన్న ఎఫువా. ప్రమాణం చేసే రోజున తల్లి కూర్చునే కుర్చీకి రాజధాని అక్రా నుంచి కార్డు వచ్చింది. ఒక్కటే కార్డు. దాని మీద ‘ఎఫువా అమ్మగారికి’ అని తప్ప ఇంకో అక్షరం లేదు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషే బయటికొచ్చాక, తెల్లబట్టల్లో, నలుగురి ముందూ గెలిచిన బిడ్డ మెడకీ భుజాలకీ తెల్లపొడి రాస్తుంది. అది తల్లి చెయ్యి, ఇంకెవరి చెయ్యీ కాదు. కార్డు నాదేననుకుని, ఎవరికీ చెప్పకుండా తెల్ల కాబా, అదే మా పండగల జాకెట్టు, కుట్టమని ఇచ్చాను. తెచ్చుకుందామని వెళితే, అద్దం ముందు తెల్ల కాబా వేసుకుని మా అక్క నిలబడి ఉంది.

బెంట్సివా నోట్లో గుండుసూదులు పెట్టుకుని అక్క నడుం దగ్గర వంగి ఉంది. నన్ను చూసి సూదులు మింగినంత పని చేసింది. పాపం, దాని తప్పేం లేదు. ఒకే ఇంటి నుంచి ఒకే రకం తెల్లగుడ్డ రెండు మూటల్లో వచ్చింది. ‘ఇంకో ఆవిడకు చెప్పకు’ అని ఇద్దరం విడివిడిగా ఒట్టు వేయించుకున్నాం. అది రెండు ఒట్లూ నిలబెట్టుకుంది.

“ఏమే, పొద్దున్నే ఇటొచ్చావు? చేపల పొయ్యి ఎవరికి అప్పజెప్పావు?” అంది అక్క, అద్దంలోంచే, తల తిప్పకుండా.

“పొయ్యి ఎక్కడికీ పారిపోదులే. నా కాబా కోసం వచ్చాను.”

“కాబానా? ఏం విశేషం?”

“నా కూతురు గెలిచింది. అంతకంటే విశేషం కావాలా?”

అప్పుడు తిరిగింది అక్క. “నీ కూతురా? ఎసీనా? ఏం గెలిచింది, లాటరీయా?”

ఎసీ నా పెద్దపిల్ల, సంతలో టమాటాలు అమ్ముతుంది. దాన్ని మధ్యలోకి లాగడం అక్కకు అలవాటే.

“ఎసీ కాదు. అరబా. కార్డు వచ్చింది నాకు.”

“నీకెందుకు వస్తుంది? నాకొచ్చింది. వాకిట్లో బడి మాస్టారు గట్టిగా చదవలేదూ, ఎఫువా అమ్మగారికి అని? నాదే కదా, నీ దగ్గర ఉంటే భద్రంగా ఉంటుందని ఊరుకున్నాను.”

“నా తలగడ కింద ఉంది కార్డు.”

“దొంగ పాకలో కట్టేసి ఉన్నంత మాత్రాన మేక దొంగదైపోతుందా?”

బెంట్సివా సూదులన్నీ అరచేతిలోకి ఉమ్ముకుంది. “అమ్మమ్మలూ, మీ కాళ్లు మొక్కుతాను. పొడుచుకోవాలంటే సూదులు నా దగ్గరున్నాయి. మాటలెందుకు, అవి గట్టిగా గుచ్చుకుంటాయి.”

నేనాగానా? ఆగలేదు. అక్క నడుం దగ్గర గుడ్డ బిగిసి ఉంది. కుట్టు విప్పి బెంట్సివా రెండు వేళ్ల వెడల్పు వదులు చేస్తోంది. అది చూశాను. నోటి దాకా వచ్చిన మాటను మింగి ఉండాల్సింది, మింగలేదు.

“ఒక్క బిడ్డను కూడా మోయని నడుం, ఏం తిని ఇంత లావైందో!”

మిషను మీద పని చేసుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలు కాళ్లు ఆపేశారు. మా అక్క చాలాసేపు నా నడుం వంక చూసింది. తర్వాత నెమ్మదిగా అంది, “నీది సన్నగానే ఉందిగా చెల్లీ. కన్నది, కానీ ఎత్తుకోలేదు.”

ఆ దెబ్బకు నేను బల్ల మీద కూలబడ్డాను. మీరూ కూర్చోండి. ఈ మాట వెనకాల ఎంత కథ ఉందో చెప్పకపోతే, మేము ఒట్టి గయ్యాళులమని అనుకుంటారు.

అరబాను నేను సరిహద్దు అవతల, పక్క దేశంలో, అబిజాన్ నగరం దాటాక వచ్చే రేవులో, తాటాకు గుడిసెలో కన్నాను. మా వాళ్లు చేపలను వెతుక్కుంటూ ఆ ఒడ్డున కూడా గుడిసెలు వేసుకుని ఏళ్ల తరబడి ఉండేవాళ్లు. మా ఆయన కోబినా పడవ నడిపేవాడు. పిల్ల మంగళవారం నాడు పుట్టింది. ఆ రోజు సముద్రానికి సెలవు, ఏ పడవా దిగదు. మగవాళ్లంతా ఒడ్డునే ఉన్నారు. అందుకే దాని ఏడుపు పది గుడిసెల వాళ్లూ విన్నారు. ‘ఈ పిల్ల గొంతు పెద్దది’ అన్నారు. వరుసగా మూడో ఆడపిల్ల కనుక మాన్సా అయింది. మంగళవారానిది కనుక అరబా. నాలుగేళ్లు వచ్చేసరికి చేపల పొగకు దాని ఛాతీ పిల్లి కూనలా గురగురలాడేది. అక్కకు పెళ్లయి పన్నెండేళ్లు, కడుపు పండలేదు. చూడ్డానికి వచ్చి, ‘మూడోదాన్ని నాకివ్వు, బడికి పంపిస్తాను’ అంది. ఇచ్చాను. చేత్తో పట్టి ఇచ్చాను. బస్సు కిటికీలోంచి అది నా వంక చూడలేదు, అక్క కొనిచ్చిన వేయించిన అరటిముక్కల వంక చూసింది. నలభై ఏళ్లు కావస్తోంది, ఆ అరటిముక్కల మీద నా కోపం చల్లారలేదు.

పదకొండేళ్ల తర్వాత, కోబినా పోయాక, ఊరికి తిరిగొచ్చాను. పదిహేనేళ్ల పిల్ల వాకిట్లో రేడియో వెనక చెక్క ఊడదీసి, తీగల్లో ముక్కు పెట్టి కూర్చుని ఉంది. తలెత్తి, ‘అమ్మా, చిన్నమ్మ వచ్చింది’ అని కేకేసింది. అమ్మంటే అక్క. చిన్నమ్మంటే నేను. ఆ పిలుపుకి ఇప్పటికి ఇరవై ఆరేళ్లు.

ఊళ్లో చెడిపోయిన రేడియోలన్నీ దాని దగ్గరికే వచ్చేవి. బాగుచేసి ఇచ్చేటప్పుడు జనం ‘పెద్ద ఎఫువా కూతురు ఎంత తెలివైంది’ అనేవాళ్లు. కుమాసీలో కంప్యూటర్ల చదువుకి వెళ్లింది, బస్సు దాకా సాగనంపింది అక్క. అక్రాలో ఫోన్ల కంపెనీలో ఉద్యోగం, మొదటి జీతంతో గుడ్డలు తెచ్చింది. అక్కకు పన్నెండు గజాలు, నాకు ఆరు. ‘నీకెత్తు తక్కువ కదా చిన్నమ్మా, ఆరు సరిపోతాయి’ అంది. అది నవ్వుతూ అంది, నిజమే, నేను పొట్టిదాన్నే. ఆ ఆరు గజాలూ ఈనాటికీ కట్టుకోలేదు.

తర్వాత ఆ ఉద్యోగం మానేసి ఊరికి వచ్చింది. చదువురాని చేపల ఆడవాళ్ల కోసం ఫోన్లో ఏదో అమర్చింది. ఒకటి నొక్కితే ఏ రేవులో ఏ చేప దిగిందో, రెండు నొక్కితే గాలి ఎటు తిరుగుతుందో, మన మాటలోనే ఫోను చెప్తుంది. దానికి గొంతు కావాలంది. మా ఇద్దరి గొంతులూ ఒకేలా ఉంటాయి, చీకట్లో పలకరిస్తే మా అమ్మే పోల్చుకోలేకపోయేది. అయినా అడిగింది అక్కనే. రోజూ తెల్లారేసరికి ఈ తీరమంతా ‘న్సువానో ఆడవాళ్లూ, లేచారా?’ అని మా అక్కే లేపుతుంది. నేను రోజూ మూడుసార్లు నొక్కి మూడుసార్లు విని, ‘లేచాంలే, నోర్ముయ్’ అని ఫోనుకు చెప్పి పొయ్యి దగ్గరికి పోతాను.

మూడేళ్ల కిందట ఆగస్టులో ఒక పొద్దున అదే గొంతు, గాలి పిచ్చిదవుతోంది, పడవలు దించనివ్వకండి అంది. మగవాళ్లు నవ్వారు. ఆడవాళ్లమంతా ఇసకలో ఉన్న పడవలెక్కి కూర్చున్నాం, దించుతారా, మాతో పాటు దించండి అని. మధ్యాహ్నానికి ఆ గాలి వచ్చింది. పక్క రేవుల్లో పోయినవాళ్ల పేర్లు ఇప్పుడెందుకులెండి. మా రేవులో ఒక్క మనిషి పోలేదు. ‘సముద్రం కంటే ముందే మాట్లాడే మనిషిని ఇక్కడెందుకు కూర్చోబెట్టాలి, పార్లమెంటులో మాట్లాడనీ’ అని చేపల ఆడవాళ్లే అరబాను నిలబెట్టారు. నేనూ ఆ రోజు పడవలో కూర్చున్నదాన్నే. అక్క గొంతు చెప్పిందని కూర్చున్నాను. అదింకా మంట.

గెలిచిన రోజున ఏమైందో చెప్తాను. జనం అక్కను కుర్చీతో సహా భుజాల మీదికెత్తారు. డబ్బాలకు డబ్బాలు తెల్లపొడి చల్లారు. ‘ఎంపీ అమ్మ! ఎంపీ అమ్మ!’ అని రేవంతా తిప్పారు. నేను పొయ్యి దగ్గర చేపలు తిరగేస్తూ ఉన్నాను. కళ్లు ఎర్రబడ్డాయేమని ఎవరో అడిగితే పొగ అన్నాను. నలభై ఏళ్లుగా పొగలో ఉన్నదాన్ని, పొగకు కళ్లెర్రబడతాయా?

ఇప్పుడొక సంగతి చెప్పాలి. పోయిన వారం మీ దగ్గర దాచాను. సిగ్గేసి దాచాను.

గెలిచిన వారానికి ఎబో అనే మనిషి ఎండుచేపలు కొంటానని పొయ్యి దగ్గరికి వచ్చాడు. తెల్లచొక్కా, మెత్తని మాట. చల్లటి మాల్టు కూల్‌డ్రింకు సీసా మూత తీసి చేతికిచ్చి, ‘ఎంపీ గారి అమ్మగారూ, అలిసిపోయారు, తాగండి’ అన్నాడు. నన్ను ఎవరూ అలా పిలవలేదు, ఒక్కరంటే ఒక్కరు కూడా. ‘నేను కన్నానని నీకెవరు చెప్పారు?’ అన్నాను. ‘చూస్తే తెలియదా, ఆ నుదురు ఎవరిదో’ అన్నాడు. అంతే, కట్ట తెగింది. గుడిసె, మంగళవారం, అబిజాన్ అవతలి రేవు, అన్నీ చెప్పాను. పార్లమెంటు పుస్తకంలో తల్లి పేరు దగ్గర మీ పేరు రాయించాలంటే ఏదైనా కాగితం కావాలి అన్నాడు. ఉంది. పిల్ల పుట్టినప్పుడు ఆ దేశం వాళ్లు రాసిచ్చిన కాగితం, నా రేకు పెట్టెలో అడుగున, పొడిగుడ్డలో చుట్టి ఉంది. దాన్ని గుడ్డతో సహా అతని చేతిలో పెట్టాను. నాలుగు రోజులకు కార్డు వచ్చింది. ఎబో మాట నిలబెట్టుకున్నాడనుకున్నాను. అందుకే ఆ కార్డు నాదని అంత ధీమా.

ఇక కొట్టులోకి వద్దాం.

గుమ్మంలో నీడ పడింది. చూస్తే అరబా. కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుంది, రెండు చేతుల్లో రెండు ఫోన్లు, చంకలో ఒక కవరు. ఇంటికి వెళితే ఇద్దరూ కుట్టుకొట్టుకు వెళ్లారని చెప్పారట.

“అమ్మా,” అంది అక్కతో. తర్వాత, “చిన్నమ్మా,” అంది నాతో. ఆ రెంటి మధ్య ఎంతసేపు పడుతుందో ఇరవై ఆరేళ్లుగా లెక్కపెడుతున్నాను. ఆ రోజు కాస్త ఎక్కువే పట్టింది.

అక్క ఒంటి మీది తెల్ల కాబాను చూసింది. బెంట్సివా చేతిలో వేలాడుతున్న నా తెల్ల కాబాను చూసింది. బల్ల అంచున కూర్చుని తల పట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

“ఇద్దరూ కుట్టించుకున్నారా?”

“కార్డు ఎవరికే?” అంది అక్క. “ఈవిడ తనకంటోంది.”

“ఇద్దరికీ. నా పట్టీలో రెండు పేర్లు రాశాను. ఎఫువా అమ్మ, ఎఫువా అమ్మ. ఒకే మనిషిని రెండుసార్లు రాశారనుకుని కంప్యూటర్ ఒకటి తుడిచేసింది.”

“దానికంత తెలివి ఎవడు నేర్పాడు?” అన్నాను.

“నేనే,” అంది అరబా. “ఆ పని చేసేలా రాసింది నేనే చిన్నమ్మా. ఫోన్ల కంపెనీలో ఉన్నప్పుడు ఎక్కడో అక్రాలో కూర్చుని రాశాను, ఇప్పుడు పార్లమెంటు వాళ్లూ అదే వాడుతున్నారు. ఈ తీరంలో ప్రతి ఇంట్లో ఇద్దరు ఎఫువాలుంటారన్న సంగతే గుర్తు రాలేదు.”

బెంట్సివా పకపకా నవ్వింది. “నా మూటలకు నేను పెట్టిన చీటీలూ అంతే ఎంపీ గారూ. నేనూ కంప్యూటర్నే.”

“సరే, ఒకటి తుడిచేసింది,” అంది అక్క. “మిగిలిందెవరు? పట్టీలో ముందెవరిని రాశావు?”

“అవును, ముందెవరు?” అన్నాను నేనూ, అదే క్షణంలో, అదే గొంతుతో.

అరబా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కవరులోంచి ఒక కాగితం తీసి, బట్టలు కత్తిరించే బల్ల మీద పరిచి, ఎగరకుండా దాని మీద కత్తెర పెట్టింది.

నాకు చదువు రాదు. కానీ ఆ కాగితం చదవనక్కర్లేదు. ఎడమ మూల నూనె మరక ఉంది, నా పెట్టెలో కొబ్బరినూనె ఒలికినప్పటిది. నకలు తీసినా మరక పోలేదు.

“బెంట్సివా,” అంది అరబా, “కాసేపు పిల్లలను తీసుకుని బయట నించుంటావా? ఏమీ అనుకోకు.”

బెంట్సివా వెళ్తూ వెళ్తూ సగం తలుపు దగ్గరగా వేసింది. ముగ్గురమే మిగిలాం.

“ఓడిపోయిన పాత ఎంపీ కోర్టుకి వెళ్లాడు,” అంది అరబా. “పొద్దున లాయరు ఇది పంపించాడు. నేను పోటీకి నిలబడ్డప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టాను, వేరే ఏ దేశం వాళ్లూ నన్ను తమ మనిషిగా రాసుకోలేదని. నేను న్సువానోలో పుట్టానని బళ్లో ఉంది, తల్లి పేరు దగ్గర అమ్మ పేరు ఉంది, అదే రాశాను. ఇప్పుడు ఇది బయటికొచ్చింది. ఇది నాదేనని తేలితే, అబద్ధం రాశానని సీటు తీసేస్తారంటున్నాడు లాయరు. మళ్లీ నిలబడనివ్వరేమో అని కూడా అంటున్నాడు.”

“ఏమని ఉంది అందులో?” అంది అక్క. ఆవిడకూ చదువు రాదు.

“తల్లి ఎఫువా, చేపలు కాల్చే మనిషి. పిల్ల అరబా, మంగళవారం. అంతే. ఇంటిపేరు లేదు, ఊరు లేదు.” వేలు కాగితం మీద పెట్టింది. “ఇలాంటి కాగితం నాకొకటుందని నాకే తెలియదు. మరి వాళ్లకెలా దొరికింది? ఎవరిచ్చారు?”

అడిగింది ఇద్దరినీ. చూసింది మాత్రం అక్కను.

దానిలో వింతేముంది? దాని టీకాల చీటీ, బడి చీటీలు, బహుమతులు, కుమాసీ పట్టా, అన్నీ అక్క పెట్టెలోనే ఉంటాయి. ఆ పెట్టె తాళం అక్క మెడలో ఉంటుంది. ఏ కాగితం పోయినా అడగాల్సింది ఆవిడనే. నా పెట్టెలో కాగితాలుంటాయని ఎవరనుకుంటారు?

మీ దగ్గర అబద్ధమెందుకు? ఆ క్షణాన నాలో ఏదో చల్లగా పాకింది. నేను ఊరుకుంటే చాలు. నోరు మెదపకపోతే చాలు. అరబా చూపు అక్క మీదే ఉంటుంది. కాసేపటికి అందులో అనుమానం గడ్డకడుతుంది. నలభై ఏళ్లు నా చేతిలోంచి జారినదంతా ఒక్క పూటలో అక్క చేతిలోంచి జారుతుంది. జారనీ అనుకున్నాను. ఒకసారి ఆవిడకూ తెలియాలి, బస్సు వెళ్లిపోయాక ఒడ్డున నిలబడితే ఎలా ఉంటుందో.

అక్క నా వంక చూసింది. నా మొహం చదవడానికి ఆవిడకు బడి చదువు అక్కర్లేదు. నూనె మరక కూడా చూసింది. ఆ కొబ్బరినూనె ఒకప్పుడు నా పెట్టెలో ఒలకబోసింది ఆవిడే.

“నేనే ఇచ్చాను,” అంది అక్క.

అరబా కళ్లద్దాలు నెత్తి మీంచి కిందికి జారాయి. “అమ్మా?”

“నేనే. ముసలిదాన్ని, బుద్ధి గడ్డి తిన్నది. ఎవడో వచ్చి అడిగాడు, ఇచ్చాను. తిట్టాలంటే తిట్టు.” కుట్టు విప్పిన కాబాను నడుం దగ్గర ఒక చేత్తో పట్టుకుని, నిటారుగా నిలబడి చెప్పింది, కొత్తబట్టకు కొలతలిచ్చినట్టు నిందకూ కొలతలిస్తూ.

“ఎందుకమ్మా?” అంది అరబా. దాని గొంతు చిన్నపిల్ల గొంతైపోయింది. “ఎవరేమడిగినా, నువ్వొక్కదానివైనా ముందు నాకు చెప్తావనుకున్నానే.”

తప్పించుకున్నానని నేను ఊపిరి పీల్చుకోవాలి కదూ? పీల్చుకోలేదు. నాకు కడుపులో మంట లేచింది. ఎన్నడూ లేనంత మంట. పడవలెక్కించిన గొంతు ఆవిడది. భుజాల మీద ఊరేగింపు ఆవిడది. పన్నెండు గజాలు ఆవిడవి. చివరికి నేను చేసిన తప్పు కూడా ఆవిడదేనా? బిడ్డ ముందు నింద నెత్తినేసుకునేది తల్లే కదా. ఆ ఒక్క చోటు కూడా నాకు మిగల్చదా?

“అబద్ధం!” అని అరిచాను. బల్ల మీద కొట్టాను. కత్తెర ఎగిరి కింద పడింది. “దొంగ ముండ! అది కూడా నీకే కావాలా? ఇచ్చింది నేను. ఆ కాగితం నాది. నా పెట్టెలోది.”

“ఊరుకోవే,” అంది అక్క పళ్ల మధ్య నుంచి. “నోరు మూసుకో.”

“నలభై ఏళ్లు మూసుకున్నాను. ఇంక మూయను. అరబా, నా వంక చూడు. ఆవిడ వంక కాదు, నా వంక. ఎబో అని ఒకడు వచ్చాడు. నన్ను ఎంపీ గారి అమ్మగారూ అన్నాడు. ఆ ఒక్క పిలుపుకి ఇచ్చేశాను. నువ్వు నా కడుపున పుట్టావని ఈ లోకంలో ఉన్న కాగితం అదొక్కటే. ఊరంతటికీ తెలుసు, కానీ ఎక్కడా రాసి లేదు. నీ బళ్లో లేదు, నీ పట్టాలో లేదు, నీ ఓట్ల కాగితంలో లేదు. ఒక్కచోట రాసి ఉంది. అది ఎవరో ఒకరు చదవాలనిపించింది. అంతే. నీ సీటు పోతుందని తెలియదు. తెలిసుంటే...” అక్కడ ఆగిపోయాను. తెలిసుంటే ఇచ్చేదాన్ని కాదని అనబోయాను. నిజమో కాదో నాకే తెలియలేదు.

బయట బెంట్సివా ఎవరినో ‘ఇప్పుడు కాదు, తర్వాత రా’ అని పంపించేయడం వినబడుతోంది.

అక్క మెల్లిగా వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. నడుం దగ్గర సూది గుచ్చుకుని ‘అబ్బా’ అంది. “పిచ్చిదానా,” అంది నాతో. “మాస్టారు కార్డు చదివినప్పుడు నీ మొహం చూశాను. కార్డు నీకే ఉంచుదామనే అనుకున్నాను. లోపలికొచ్చాక నా వల్ల కాలేదు. నీకు కాగితం అయినా ఉంది. నాకు ఆ కుర్చీ తప్ప ఏముందే?”

ఇన్నేళ్లూ మంట నా ఒక్క పొయ్యిలోనే ఉందనుకున్నాను.

అరబా వంగి కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. కళ్లద్దాలు తుడుచుకుంది. రేడియో వెనక చెక్క ఊడదీసినప్పుడు ఎలా కూర్చునేదో అలా కూర్చుంది, లోపల ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో చూస్తున్నట్టు. కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చివరిదాకా చదువుకుంది, పెదవులు మాత్రమే కదిపి.

“తల్లి ఎఫువా,” అంది తనలో తను. “పిల్ల అరబా. ఆ ఏడాది ఆ రేవులో ఎంతమంది ఎఫువాలున్నారు?”

“ఎన్ని పడవలుంటే అంతకు రెట్టింపు,” అన్నాను. “నా పక్క గుడిసెలోనే ఇద్దరు.”

“వాళ్లకూ అరబాలు పుట్టి ఉంటారా?”

“మంగళవారాలు వాళ్లకూ వచ్చేవి కదే.”

అరబా తల పైకెత్తింది. దాని మొహం చూసి నాకు భయమేసింది. మొట్టమొదటిసారి దానిలో నా నుదురు నాకే కనబడింది. “లాయరు అదే అన్నాడు. ఈ కాగితం ఏ ఎఫువాదో ఎవరూ చెప్పలేరు, ఒక్క మనిషి తప్ప. పాత ఎంపీ పంపిన ఆ ఎబో వచ్చి, నీ నోట విన్నానంటే చాలదు. ఆ మనిషే కోర్టుకొచ్చి చెప్పాలి. వాళ్లు సాక్షిగా పిలిచేది నిన్నే. వచ్చే మంగళవారం. దేవుడి పుస్తకం మీద చెయ్యి పెట్టించి అడుగుతారు.”

నా చెయ్యి పట్టుకుంది. పొయ్యి మంటకు కాలి కాలి మొద్దుబారిన వేళ్లు నావి, దానివి మెత్తగా ఉన్నాయి.

“అమ్మా,” అంది.

పక్క నుంచి అక్క “ఊ” అంది, అలవాటుగా.

కానీ అరబా చూస్తున్నది నన్ను.

“అమ్మా, మంగళవారం జడ్జి ముందు నిలబడి, ఈ ఎఫువా నేను కాదు, ఈ పిల్లను నేను కనలేదు అని చెప్పగలవా?”